గది నంబరు లేని కార్డు

ఆడపడుచైనా ఏనాడూ ఆడపడుచు పెత్తనం చెయ్యని మా వదినకి,

మీరు పంపిన ఓడ టిక్కెట్లు అందాయి. కవరు చింపీ చింపకుండానే మీ తమ్ముడు వీధి వీధంతా చెప్పొచ్చారు. "మా అక్క ఓడ కంపెనీలో ఇన్నేళ్ళు చాకిరీ చేసి రిటైరైంది, కంపెనీ వాళ్ళిచ్చిన కుటుంబం టిక్కెట్లు మాకే ఇచ్చింది" అని ఎదురు మెడికల్ షాపతనికి రెండుసార్లు చెప్పారు. నేనూ నవ్వుతూనే ఉన్నాను. తరవాత కుట్టుమిషను ముందు కూర్చుని సూది విరగ్గొట్టుకున్నాను. నా మనసు బట్ట మీద లేదు.

బట్టలు కుడతానని మీరే కత్తెర అని పేరుపెట్టిన ఈ మరదలు ఫోను చెయ్యక ఉత్తరమెందుకు రాస్తోంది అనుకుంటున్నారా? ఓడ లాండ్రీలో ఆ యంత్రాల హోరు మీ చెవుల్ని ఏనాడో తినేసింది. నేను ఫోనులో గుసగుసగా ఒక మాట చెబితే మీరు "ఆఁ? ఏంటీ?" అని అరుస్తారు. మీకు వినబడాలని నేనూ అరుస్తాను. ఇక అది రహస్యమెలా అవుతుంది? ఇది అరిచి చెప్పుకునే సంగతి కాదు వదినా.

టిక్కెట్లతో పాటు రంగురంగుల పుస్తకం ఒకటి పంపారు కదా. అందులో ఈతకొలను బొమ్మ, నాట్యశాల బొమ్మ బాగానే ఉన్నాయి. ఒక పేజీలో గదుల వరండా బొమ్మ ఉంది. అటూ ఇటూ తలుపులు, అన్నీ ఒకటే రంగు, అన్నిటికీ ఒకటే పిడి, ఎంత దూరం చూసినా అవే తలుపులు. ఆ బొమ్మ చూసిన దగ్గర్నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. మా మూడు వీధుల జనాన్నీ తీసుకెళ్ళి ఆ ఓడలో పోస్తే ఒక మూలకి కూడా చాలరట. అంత జనంలో, అన్ని తలుపుల్లో, తన తలుపేదో మరిచిపోయిన మనిషి గతేమిటి?

చెప్పేస్తున్నాను. నాకు మతిమరుపు వస్తోంది. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే మతిమరుపు కాదు, దానికైతే అందరం నవ్వుకుంటాం. మొన్న దారాల కోసమని సందు చివరి కొట్టుకి వెళ్ళి, తిరిగొస్తూ మలుపు దగ్గర నిలబడిపోవడం జరిగింది. ఎడమకా కుడికా? ఇన్నేళ్ళుగా కళ్ళు మూసుకుని నడిచిన మలుపు. చేతిలో ఇంటి తాళంచెవి ఉంది, ఇల్లేదో తెలియదు. చివరికి పక్కింటి తాళంలో ఆ చెవి పెట్టి తిప్పుతుంటే లోపల్నుంచి వాళ్ళమ్మాయి తలుపు తీసి "ఏంటండీ?" అంది. ఏదో సర్దిచెప్పి నవ్వేశాం. నవ్వయిపోయాక భయం మొదలైంది. స్టవ్ మీద పాల సంగతి చెప్పనే చెప్పను, గిన్నెలు మూడు నల్లబడ్డాయి.

ఇది మీకు రాయడానికి ఎంత తటపటాయించానో దేవుడికే తెలియాలి. అత్తయ్యగారికి ఇదే వచ్చింది. ఉద్యోగానికి సెలవు మీద సెలవు పెట్టి ఆవిడకి అన్నీ మీరే చేశారు. చివర్లో మీరు అన్నం పెడుతుంటే ఆవిడ మీ చెయ్యి పట్టుకుని, "ఎవరమ్మా నువ్వు, ఇంత బాగా చూసుకుంటున్నావు? మా అమ్మాయి ఓడ మీద ఉంది, వస్తే చెబుతాను" అన్నారు. మీరు పెరట్లోకి వెళ్ళి ఏడ్చి వచ్చి, "ఒక జన్మకి ఇది చాలే కత్తెరా, మళ్ళీ ఇంకొకరిలో దీన్ని చూడలేను" అన్న మాట నా చెవుల్లోనే ఉంది. అలాంటి మీ నెత్తిన మళ్ళీ ఇదే పెడుతున్నాను, తిట్టుకోకండి.

ప్రయాణం మానేద్దామంటే మీ తమ్ముడు ససేమిరా అంటున్నారు. "అక్క ఇచ్చింది వద్దంటే ఎందుకూ అని అడుగుతుంది, ఏం చెబుతావ్?" అంటున్నారు. ఆయనకి అంతా తెలుసు. కానీ మీరు మాత్రం ఈ ఊసు ఆయన దగ్గర ఎత్తకండి, ఆయన తట్టుకోలేరు. నాకు మటుకు ఒక్క సాయం చెయ్యండి. మీరు ఆ ఓడల్లోనే పుట్టి పెరిగినంత పని చేశారు. దారి మరిచిపోయే మనిషి ఆ ఓడలో దారి తప్పకుండా ఉండాలంటే ఏం చెయ్యాలో రాయండి. సామాన్లు ఎలా సర్దుకోవాలి, గది ఎలా గుర్తుపట్టాలి, ఏం చెయ్యకూడదు, అన్నీ రాయండి. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పండి.

ఈ ఉత్తరం చదివి దాచకండి, చింపేయండి.

మీ మరదలు,
కత్తెర

*

కొండంత ఉత్తరం రాసి కొండంత అండ ఇచ్చిన వదినకి,

ఇది ఓడలోంచి రాస్తున్నాను. రేపు రేవు తగులుతుంది, అక్కడ ఇస్తే వీళ్ళే పోస్టులో వేస్తారట. అక్షరాలు వంకరపోతే నా చెయ్యి అనుకోకండి, సముద్రం అనుకోండి.

మీ ఉత్తరాన్ని ఎన్నిసార్లు చదివానో, మడతల దగ్గర చిరిగింది. ఓడ బయల్దేరే రోజునే బయల్దేరి వస్తామనుకోవద్దు, ఒకరోజు ముందే రేవు ఊరికి చేరి పడుకోండి, రైలు ఆలస్యమైందని ఓడ ఆగదు అన్నారు. అలాగే చేశాం. మంచిదైంది, రైలు పూట ఆలస్యం. పెద్దపెట్టెలు రేవులోనే పట్టుకుపోతారు, అవి గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది, కాబట్టి మందులూ కళ్ళజోళ్ళూ ఒక జత బట్టలూ చేతిసంచీలోనే ఉంచుకోమన్నారు. మా పక్కగది ఆయన షుగరు మాత్రలు పెద్దపెట్టెలో పడేసి, తొలిరోజంతా కాలుకాలిన పిల్లిలా వరండాలో తిరిగాడు. నేను మాత్రం సంచీ ఒడిలో పెట్టుకుని మహారాణిలా కూర్చున్నాను.

గది నడిమి భాగంలో, కింది అంతస్తుల్లో ఉంటే ఊపు తక్కువన్నారు కదా, మీరు చెప్పి మార్పించిన గది అలాగే ఉంది. అయినా నిన్న అల లేచినప్పుడు నా కడుపు నోట్లోకొచ్చింది. కడుపులో తిప్పడం మొదలయ్యాక మాత్ర వేసుకోవడమంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అని మీరు రాసిన మాట గుర్తున్నా, ధైర్యానికి పోయి వేసుకోలేదు. తరవాత ఎండు బిస్కెట్టు నములుతూ, దూరంగా ఆకాశమూ నీళ్ళూ కలిసే గీతనే చూస్తూ కూర్చుంటే నెమ్మదించింది. అంతమంది పట్టుకునే మెట్ల కమ్మీలు ముట్టుకున్న చేత్తో తినకండి, సబ్బుతో కడుక్కోండి, సీసాలో పెట్టే శానిటైజరు రాసుకుంటే చాలదు అని మీరు రాసింది మీ తమ్ముడికి రోజుకి పదిసార్లు చెబుతున్నాను. "మా అక్క కన్నా నువ్వే పెద్ద సూపర్‌వైజరువయ్యావు" అంటున్నారు.

ఎక్కగానే ప్రమాదం వస్తే ఏం చెయ్యాలో నేర్పే కసరత్తు పెట్టారు. సగం మంది ఫొటోలు దిగుతూ నిలబడ్డారు. నేనైతే ఒళ్ళంతా కళ్ళు చేసుకుని చూశాను. లైఫ్ జాకెట్టు పట్టీ ఎలా లాగాలో, ఏ మెట్ల మీదుగా వెళ్ళాలో మళ్ళీ మళ్ళీ అడిగితే అక్కడి అమ్మాయి విసుక్కోలేదు. మీ తమ్ముడి మెడలో జాకెట్టు నేనే కట్టాను. ఆయన మొహం తెల్లబోయి ఉంది. "బస్సు నడిపిన ముప్పై ఏళ్ళలో నాకెవరూ సీటు బెల్టు కట్టలేదే" అని నవ్వబోయారు, నవ్వు రాలేదు.

ఇక గది సంగతి. మెడలో వేసుకునే కార్డు మీద అన్నీ ఉంటాయి, గది నంబరు తప్ప. ఎవరికైనా దొరికితే గది తెరవకుండా కావాలనే వెయ్యరని మీరు రాయకపోతే నేను ఆ కార్డుని తిరగేసి తిరగేసి ఏడ్చి ఉండేదాన్ని. దొంగలకి భయపడి పెట్టిన పద్ధతి మరిచిపోయేవాళ్ళకి శిక్ష అయింది చూశారా. నంబరుని బట్టముక్క మీద దారంతో కుట్టి జేబుల లోపల అతికించాను. మా తలుపు పిడికి పసుపుపచ్చ పేలిక కట్టాను. వరండా కార్పెట్టు మీది చేపల తలలన్నీ ఓడ ముక్కువైపే ఉంటాయన్నారు కదా, అది నిజం. లిఫ్టు దిగి చేపలతో పాటు నడిస్తే మా గది, చేపలకి ఎదురు నడిస్తే పరాయి గదులు.

అయినా తప్పు జరిగింది. రెండోరోజు మధ్యాహ్నం లేచి చూస్తే మీ తమ్ముడు గదిలో లేరు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. చెప్పులు కూడా లేకుండా వరండాలోకి పరిగెత్తి, కనబడ్డ వాళ్ళందరినీ పట్టుకుని మా ఆయన కనబడ్డం లేదని గగ్గోలు పెట్టాను. ఓడంతా మైకులో ఆయన పేరు పిలిచారు. చూస్తే పై అంతస్తులో మంగలి దుకాణంలో తీరుబడిగా కూర్చుని ఉన్నారు. అందరి ముందూ తలకొట్టేసినట్టయింది. "వెళ్తున్నానని నాకు చెప్పే వెళ్ళారు, నేనే మరిచిపోయాను, నాకు కొంచెం మతిమరుపు" అన్నాను. అందరూ నా వైపు జాలిగా చూశారు. ఆ చూపులు భరించడం నేర్చుకోవాలి వదినా.

మా అంతస్తు సూపర్‌వైజరమ్మ మీ శిష్యురాలేనట. మీరు తనకి ముందే ఫోను చేసి, "మా మరదలికి మతి నిలవదు, కళ్ళల్లో పెట్టుకుని చూడు" అని చెప్పారట. ఎవరికీ చెప్పొద్దని నేను బతిమాలితే మీరు చేసిన పని ఇదా! కోపం వచ్చింది, తరవాత మీ ప్రేమకి కళ్ళు చెమర్చాయి. ఆ పిల్ల మాత్రం బంగారం. "ఆంటీ, నేనున్నాగా" అంటూ తువ్వాలుతో ఏనుగు బొమ్మ చేసి మంచం మీద పెడుతుంది, తన కష్టసుఖాలు చెబుతుంది. వరండాలో నేను ఒంటరిగా కనబడితే చాలు, చెయ్యి పట్టుకుని గదికి తీసుకొచ్చి దిగబెడుతుంది. గది ఎదురుగానే ఉన్నా సరే, దిగబెడుతుంది.

రేపటి రేవులో దిగొద్దనుకున్నాం. తీరంలో గడియారం వేరు, ఓడ గడియారం వేరు, మీ చేతి వాచీ ఎప్పుడూ ఓడ సమయం మీదే ఉండాలి, ఆలస్యమైన వాళ్ళ కోసం ఓడ ఆగదు, వాళ్ళ పాస్‌పోర్టులు గట్టున ఏజెంటుకి ఇచ్చేసి వెళ్ళిపోతుంది అని మీరు రాసిన చోట నా గుండె ఆగింది. అందరూ ఊరు చూడనీ. మేము ఓడలోనే ఉంటాం. ఓడలో ఉన్నవాళ్ళు ఎక్కడికి పోతారు? ఇనుప గోడల మధ్యే కదా తిరిగేది. ఈ ఒక్క మాట మీదే ఈ పూట నిద్రపోవాలని చూస్తున్నాను.

మీ మరదలు,
కత్తెర

*

వదినా,

ముందుగా ఒక మాట. మీ తమ్ముడు నా ఎదురుగా ఉన్నారు. క్షేమంగా ఉన్నారు. అది చదివాక కూర్చోండి, నీళ్ళు తాగండి, తరవాత మిగతాది చదవండి.

నాకు మతిమరుపు లేదు.

సందు మలుపు నిజం, తాళంచెవి నిజం, నల్లబడ్డ గిన్నెలు నిజం. అక్కడ నిలబడ్డ కాళ్ళు నావి కావు, మీ తమ్ముడివి. ఏడాదిగా ఇది జరుగుతోంది. ఊళ్ళో ప్రతి వీధీ, ప్రతి మలుపూ అరచేతిలో పెట్టుకుని బస్సు నడిపిన మనిషికి, తన ఇంటి మలుపు తెలియని రోజు వచ్చింది. డాక్టరు అత్తయ్యగారి జబ్బు పేరే చెప్పాడు. ఆ రోజు ఆసుపత్రి మెట్ల మీద నా చెయ్యి తన తల మీద పెట్టుకుని, "అక్కకి చెప్పనని ఒట్టెయ్యి" అన్నారు. "అమ్మని చూసి చూసి అది సగమైపోయింది. నన్ను కూడా అలా చూస్తే బతకదు. ఎలాగోలా గడుపుకొద్దాం" అన్నారు. నేను ఒట్టేశాను.

తరవాత మీ టిక్కెట్లు వచ్చాయి. ఎంత వద్దన్నా వినలేదు. ఓడలో ఏ జాగ్రత్తలు కావాలో మిమ్మల్ని తప్ప ఎవర్ని అడగను? ఎందుకడుగుతున్నానో చెప్పకపోతే మీరు ఊరుకుంటారా? అందుకని ఆ జబ్బు నా మీద వేసుకున్నాను. మరదలికైతే మీకు బాధే గానీ, రక్తం పంచుకున్న తమ్ముడంత కోత ఉండదని లెక్కేశాను. రాసే ముందు ఆయనకి చెప్పాను. "వద్దు" అనలేదు, తల వంచుకుని ఊరుకున్నారు. ఎంత భయపడితే ఆయన అలా ఊరుకోవాలి అనిపించి, కాగితం తీసుకుని కూర్చున్నాను.

నిన్న పొద్దున రేవు తగిలింది. అంతకు ముందు రోజుల ఊపుకి నా ఒళ్ళు హూనమై ఉంది. ఇద్దరం టిఫిను తిని గదికి వచ్చాం. ఆయన మంచం మీద కూర్చుని టీవీ చూస్తున్నారు. నేను కళ్ళు మూశాను. తెరిచేసరికి మధ్యాహ్నం దాటింది, టీవీ నడుస్తోంది, మంచం ఖాళీగా ఉంది, ఆయన కార్డు లేదు.

వరండాలోకి వచ్చాను. మీ శిష్యురాలు తువ్వాళ్ళ బండి దగ్గర ఉంది. "మా ఆయన కనబడ్డం లేదమ్మా, కిందకి దిగిపోయారేమో చూడు" అన్నాను. ఆ పిల్ల నవ్వి నా చెయ్యి పట్టుకుంది. "సార్ ఎక్కడికి పోతారు ఆంటీ? మొన్నా ఇలాగే కంగారుపడ్డారు, ఆయన క్రాపు చేయించుకుంటూ కూర్చున్నారు. మీకు చెప్పే వెళ్ళుంటారు, మీరే మర్చిపోయుంటారు. రండి, పడుకోండి. నేను పిలుచుకొస్తాగా" అని నన్ను గదిలోకి తీసుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టింది. వేడినీళ్ళిచ్చింది. దుప్పటి కప్పింది. ఎంత ప్రేమగా చేసిందో, అంత ప్రేమ చూసి నాకు ఊపిరాడలేదు. నేను లేస్తుంటే కూర్చోబెడుతోంది. "నిజమమ్మా, నిజంగా కనబడ్డం లేదు" అంటే "నిజమే ఆంటీ, నిజమే" అంటోంది. పిల్లల మాటకి పెద్దవాళ్ళు ఊఁ కొట్టినట్టు.

అప్పుడు అర్థమైంది నేను తవ్విన గొయ్యి ఎంత లోతో. నాకు మతి లేదని ఓడంతా నమ్మేలా చేశాను. మంగలి దుకాణం రోజు కూడా ఆయన నాకేమీ చెప్పి వెళ్ళలేదు. పరువు కాపాడదామని నేనే మరిచిపోయానన్నాను. ఇప్పుడు నిజం చెబుతుంటే అదే జబ్బులా వినబడుతోంది.

ఆ పిల్ల ఎవరో పిలిస్తే పక్కగదికి వెళ్ళింది. నేను లేచి పరుగందుకున్నాను. చేపలకి ఎదురు పరిగెత్తి, మెట్లు దిగి, నడిమి హాల్లో ఉన్న కౌంటరు దగ్గరికి చేరేసరికి మైకులో చెబుతున్నారు, బయటికి వెళ్ళినవాళ్ళందరూ తిరిగి ఎక్కేయాలి, కాసేపట్లో గట్టుకి వేసిన నిచ్చెన తీసేస్తామని. కౌంటరమ్మాయికి చెప్పడం మొదలుపెట్టాను. ఇంతలో మీ శిష్యురాలు రొప్పుతూ వెనకాలే వచ్చింది. నా భుజం మీంచి కౌంటరమ్మాయికి ఏదో సైగ చేసింది. కౌంటరు వెనక అద్దంలో చూశాను, వేలితో కణత మీద మెల్లగా తట్టుకుంది. కౌంటరమ్మాయి మొహం మెత్తబడి, "కూర్చోండి మేడమ్, చూస్తాం" అంది. చూడలేదు.

అడకత్తెరలో పోకచెక్కనయ్యాను వదినా. ఒట్టు ఒకవైపు, మనిషి ఒకవైపు. హాలు నిండా జనం, ఐస్‌క్రీములు తింటున్నారు, ఫొటోలు దిగుతున్నారు. నేను గట్టిగా అరిచాను. "మతిమరుపు నాకు కాదు! ఆయనకి! ఆయనకి దారి తెలియదు! ఇన్నాళ్ళూ నేను అబద్ధం చెప్పాను!" మీ శిష్యురాలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నన్ను నమ్మి కాదు, ఈ ముసలమ్మకి ముదిరిపోయిందే అని.

ఆ పిల్ల రెండు భుజాలూ పట్టుకున్నాను. "ఇటు చూడవే. ఎక్కిన రోజు నువ్వు నాకేం చెప్పావ్? నీ చిన్నదానికి పై పళ్ళు రెండూ ఊడాయి, ఫొటోలో నోరు తెరవనంటోంది అన్నావు. మీ అత్తగారికి మోకాలి ఆపరేషను వచ్చే నెలలో, నీకు సెలవు దొరుకుతుందో లేదో అన్నావు. మొన్న నువ్వేసుకున్న కోటు నీది కాదు, ఎడమ భుజం వేలెడు జారింది, నీది ఉతుకులో ఉందని పక్క అంతస్తు పిల్లనడిగి వేసుకున్నానన్నావు. ఇవి మతి లేనిదాని మాటలా? చెప్పు!"

ఆ పిల్ల నా చేతులు విడిపించుకుంది. గిరుక్కున తిరిగి కౌంటరు లోపలికి వెళ్ళి తనే కంప్యూటరు నొక్కింది. నిచ్చెన దగ్గర కార్డు చూపించినప్పుడల్లా అందులో పడుతుందట. తెర చూసి, "దిగారు ఆంటీ. ఎక్కలేదు" అంది.

ఆ పిల్ల ఫోనులో అరుస్తూనే నన్ను లాక్కుంటూ కిందికి తీసుకెళ్ళింది. పాస్‌పోర్టులు రెండూ ఎవరో తెచ్చి నిచ్చెన దగ్గర ఆఫీసరు చేతిలో పెట్టారు. ఏజెంటుకి ఇవ్వడానికే తెచ్చారని నాకు తెలుసు. "ఆయన రాకపోతే నేనూ ఇక్కడే దిగిపోతాను, నా పెట్టెలు మీరే తీసుకెళ్ళండి" అన్నాను. నాకు ఆ దేశం తెలియదు, భాష రాదు, చేతిలో మందుల సంచీ తప్ప ఏమీ లేదు. ఆ క్షణంలో వాటికి భయం వెయ్యలేదు. ఆయన ఏ వీధి మలుపులో నిలబడి ఉన్నారో, ఎడమకా కుడికా అని చూస్తున్నారో అన్న భయం ముందు మిగతావన్నీ ఎంత.

మీరు ఇన్ని జాగ్రత్తలు రాశారు గానీ ఒకటి రాయలేదు వదినా. రేవులో గట్టుకి అవతలి వైపు, అచ్చం మన ఓడలాంటిదే, అదే తెలుపు, అదే కంపెనీదే, ఇంకో ఓడ కట్టి ఉంది. గట్టు మీదికి దిగి చూస్తే అటొకటి, ఇటొకటి. మీ శిష్యురాలే ముందు చూసింది. ఆ రెండో ఓడ నిచ్చెన దగ్గర మీ తమ్ముడు నిలబడి ఉన్నారు. కార్డు చూపిస్తున్నారు, యంత్రం ఎర్రదీపం వెలిగిస్తోంది, మళ్ళీ చూపిస్తున్నారు. కాపలా అబ్బాయి ఓపిగ్గా ఏదో చెబుతున్నాడు. దగ్గరికి పరిగెత్తేసరికి ఆయన మాటలు వినబడ్డాయి.

"నన్ను లోపలికి పంపించు బాబూ, నీకు పుణ్యముంటుంది. మా ఆవిడ లోపల ఒక్కత్తే ఉంది. దానికి మతిమరుపు. నేను కనబడకపోతే హడలిపోతుంది."

నేను వెనక నుంచి చొక్కా పట్టుకున్నాను. తిరిగి చూసి, "ఎక్కడికెళ్ళావే? నీకోసం వెతకని చోటు లేదు" అని కోప్పడ్డారు. నాకు ఏడుపాగలేదు. "మరిచిపోయానండీ, పదండి" అన్నాను.

ఆలస్యంగా పరిగెత్తుకొచ్చే వాళ్ళని చూసి పై అంతస్తుల్లో జనం చప్పట్లు కొట్టి వేళాకోళం చేస్తారని మీరు ఎప్పుడో చెప్పి నవ్వించారు. నిన్న ఆ చప్పట్లు మాకు కొట్టారు. మీ తమ్ముడు మర్యాదకి చెయ్యూపారు. మేము ఎక్కాక నిచ్చెన తీసేశారు.

ఆయన ఆ పూట చెప్పులు విప్పకుండానే నిద్రపోయారు. ఈ పొద్దున కాఫీ తాగుతూ, మంచి తెలివిలో ఉన్నారు, చూపులోనే తెలిసిపోతుంది, "నిన్న ఆ అబ్బాయితో అబద్ధం చెప్పలేదే" అన్నారు. "ఏ అబ్బాయి?" అన్నాను, తెలియనట్టు. "గట్టు మీద. నీకు మతిమరుపని చెప్పాను కదా. నిజమనుకునే చెప్పాను. జబ్బు నీదే అనుకున్నాను, నేను బాగానే ఉన్నాననుకున్నాను. నువ్వు వచ్చి చొక్కా పట్టుకున్నాక కూడా అదే అనుకున్నాను." కప్పు కింద పెట్టారు. "ఏది నీదో ఏది నాదో కలిసిపోతోంది. ఇలా అయితే మిగిలిందీ పోతుంది. నా మతిమరుపు నాకిచ్చెయ్. ఉన్నన్నాళ్ళు నాదని తెలిసి ఉంటాను. అక్కకి రాసెయ్."

అందుకని రాస్తున్నాను. మీ శిష్యురాలు ఇప్పుడు ఆయన వెంట ఉంటోంది, నన్ను వదిలేసింది. ఇంకా రెండు రేవులున్నాయి, దిగితే ఇద్దరం చెయ్యి పట్టుకునే దిగుతాం. నాకు భయం పోలేదు వదినా, ఇంకా ఎక్కువైంది. ఇంతవరకూ దొరికిపోతామన్న భయం, ఇప్పుడు అసలు భయం. మీరు ఒక జన్మకి చాలన్నారు. ఆ మాటని నేను మరిచిపోలేదు. మిమ్మల్ని చాకిరీ అడగడం లేదు. నన్ను క్షమించమని కూడా అడగను, మళ్ళీ అవసరమైతే మళ్ళీ అలాగే చేస్తాను. నిజం మీకు తెలిసి ఉండాలి, అంతే. కింద కొంచెం ఖాళీ ఉంచమని మీ తమ్ముడన్నారు, ఉంచాను.

మీ మరదలు,
మతి స్థిమితంగా ఉన్న కత్తెర

అక్కా,

అక్కని రావద్దని రాయవే అన్నాను దీంతో. అమ్మతో పడింది చాలు, దూరంగానే ఉండమని రాయి అన్నాను. రాయనంది, కావాలంటే మీరే రాసుకోండి అంది. సరేనని కలం తీసుకున్నాను. చాలాసేపట్నుంచి పట్టుకుని కూర్చున్నాను. రావద్దని రాయడానికి చెయ్యి రావట్లేదు.

నువ్వెవరో నాకు తెలిసి ఉండగానే ఒకసారి రా.

నీ తమ్ముడు